చర్చ: రాక్‌కు జపనీస్ భాష సరిపడదన్న 1970 నాటి వాదం నిజంగా వీగిపోయిందా?

పాతరికార్డులు (చర్చ ప్రారంభించినవారు):

జపనీస్ రాక్ చరిత్ర చెప్పేవారందరూ ఒక తీర్పును ఇంచుమించు అవే మాటల్లో వినిపిస్తారు. 1970, 71 సంవత్సరాల్లో రాక్‌ను జపనీస్‌లో పాడవచ్చునా, ఇంగ్లీషులోనే పాడాలా అన్న వాదం టోక్యోలో నడిచిందనీ, ‘న్యూ మ్యూజిక్ మ్యాగజైన్’ పత్రిక జరిపిన గోష్ఠుల్లో అది ముదిరిందనీ, చివరికి జపనీస్‌లో పాడిన హ్యాపీ ఎండ్ బృందం గెలిచి ఇంగ్లీషు పక్షాన నిలిచిన గాయకుడు ఉచిదా యూయా ఓడిపోయారనీ ఆ తీర్పు సారాంశం. ఇది తొందరపాటు తీర్పు అని నా అభిప్రాయం. విభేదించేవారు దయచేసి రికార్డులను ఆధారంగా చూపి విభేదించండి.

ఉచిదా ఇంగ్లీషును ఎందుకు కోరుకున్నారో ముందుగా చూడాలి. 1966లో బీటిల్స్ బృందం టోక్యోలోని బుదోకాన్‌లో కచేరీలు చేసినప్పుడు వారికంటే ముందు వేదికెక్కిన స్థానిక కళాకారుల్లో ఆయన ఒకరు. ఆ తరువాత దేశమంతటా ‘గ్రూప్ సౌండ్స్’ పేరుతో కుర్రాళ్ల బృందాలు వెల్లువెత్తాయి. వారి చేతుల్లో గిటార్లు ఉన్నా పాటలు చాలావరకు వారివి కావు. అందరిలోకీ పేరుపొందిన టైగర్స్ బృందం హిట్ పాటలకు సాహిత్యం హషిమోతో జున్, బాణీలు సుగియామా కోయిచి సమకూర్చేవారు (డ్రాగన్ క్వెస్ట్ వీడియో ఆటల సంగీతంతో తరువాత ప్రపంచానికి తెలిసిన సుగియామా ఈయనే). అంటే ఆనాడు జపనీస్‌లో పాడటమంటే, ఆచరణలో, రికార్డు కంపెనీ చేతిలో పెట్టిన సినిమా పాట వంటి పాటను పాడటమే. ఆ వ్యవస్థ నుంచి బయటపడటానికి ఉచిదాకు కనిపించిన దారి ఇంగ్లీషు. దానిని పరభాషా వ్యామోహమని కొట్టిపారేయడం అన్యాయం.

ఆయన దగ్గరుండి నడిపించిన ఫ్లవర్ ట్రావెలిన్ బ్యాండ్ కెనడా వెళ్లి అక్కడ కచేరీలు చేసింది. 1971లో వెలువడిన వారి ‘సతోరి’ ఆల్బమ్‌ను ఈనాటికీ అనేక దేశాల హెవీ రాక్ అభిమానులు వెతికి మరీ కొంటున్నారు. అదే సంవత్సరం వచ్చిన హ్యాపీ ఎండ్ రెండవ ఆల్బమ్ ‘కజెమాచి రోమన్’ జపాన్‌లో శిఖరప్రాయం కావచ్చు. అయితే ఉచిదా అడిగిన ప్రశ్న జపాన్ గురించి కాదు, ప్రపంచం గురించి. ఆ ప్రశ్నకు హ్యాపీ ఎండ్ సమాధానం చెప్పనేలేదు.

ఛందోప్రియ:

పాతరికార్డులు గారూ, గ్రూప్ సౌండ్స్ గురించి మీరు చెప్పిన నేపథ్యంతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే వాదంలోని అసలు విషయాన్ని మీరు పక్కన పెట్టారు. ఉచిదా పక్షం చెప్పింది ప్రపంచం గురించి మాత్రమే కాదు. జపనీస్ మాటలు రాక్ లయ మీద కూర్చోవని కూడా చెప్పింది. ఇది చెవితో పరీక్షించదగిన మాట, కాబట్టి పరీక్షిద్దాం.

జపనీస్ మాత్రల భాష. మన ఛందస్సు కొద్దిగానైనా చదివినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని మనం లెక్కించినట్టే, వారి భాషలో ప్రతి మాత్రకూ ఇంచుమించు సమానమైన కాలం ఉంటుంది. మనకు పొల్లు హల్లు ముందున్న అక్షరాన్ని గురువుగా మారుస్తుంది. వారికైతే ‘న్’ అన్న పొల్లు తానే ఒక మాత్ర, పాటలో తనకంటూ ఒక స్వరాన్ని కూడా తీసుకోగలదు. ఇంగ్లీషులో ‘స్ట్రైక్’ ఒకే దెబ్బలో పలికే మాట, జపనీస్ నోటిలో అది సు-తొ-ర-ఇ-కు అని ఐదు మాత్రలవుతుంది. స్వరానికొక మాత్ర చొప్పున పేర్చుకుంటూ పోతే, ఇంగ్లీషు పాట ఒక పాదంలో చెప్పే సంగతికి జపనీస్ పాటకు రెండు మూడు పాదాలు కావాలి. పైగా ఇంగ్లీషులో మాటకు సహజంగా ఉండే ఊనిక డ్రమ్ దెబ్బతో కలిసిపోతుంది, జపనీస్‌లో ఆ ఊనిక లేదు. ఉచిదా పక్షం చెవికి తోచిన ఇబ్బంది నిజమైనదే.

హ్యాపీ ఎండ్ చేసిన పని ఆ ఇబ్బందిని గుర్తించి దానికి తగిన పనితనం కనిపెట్టడం. 1970 ఆగస్టులో యూఆర్‌సీ అనే రికార్డు సంస్థ ద్వారా వచ్చిన తొలి ఆల్బమ్‌లోని మొదటి పాట ‘హరు యో కోయి’ని శ్రద్ధగా వినండి. సంక్రాంతి నాడు హాస్టల్ గదిలో మిగిలిపోయిన కుర్రవాడి పరిస్థితి వంటిది ఆ పాటలో ఉంది. కొత్త సంవత్సరం అంటే కోతాత్సు అనే వెచ్చటి బల్ల చుట్టూ ఇంటిల్లిపాదీ చేరి, మోచీ అనే బియ్యపు ముద్దలు వేసిన జోని పులుసు తింటూ, కరుతా ముక్కలు ఆడుకున్న రోజులని తలుచుకుని, ఇల్లు విడిచి రాకుండా ఉండవలసిందని అతడు వగస్తాడు. ఆ మాటలను బృందంలోని మత్సుమోతో తకాషి ఏ అలంకారమూ లేకుండా, పెద్దవారితో మాట్లాడే మర్యాద వాక్యాలలో రాశారు. వాటి వెనుక సుజుకి షిగెరు గిటారు బరువుగా, కర్కశంగా మోగుతుంది. గాయకుడు ఓతాకి ఎయిచి మాటను ఎక్కడ పడితే అక్కడ విరిచి, ఒక అచ్చును మూడు నాలుగు స్వరాల మీదుగా సాగదీసి, తరువాతి నాలుగు మాత్రలను ఒక్క గుక్కలో కుక్కేస్తారు. మొదటిసారి వినే జపనీస్ శ్రోతకు మాట అర్థం కావడానికి ఒక క్షణం ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యమే అక్కడ లయగా మారుతుంది. రాక్‌లో జపనీస్ ఇలా వినిపించగలదని అంతకు ముందు ఎవరూ ఇంత స్పష్టంగా చూపలేదు.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. బృందంలోని హొసోనో హరుఒమి, మత్సుమోతో ఇద్దరూ హ్యాపీ ఎండ్ కంటే ముందు ఏప్రిల్ ఫూల్ అనే బృందంలో ఉన్నారు. 1969లో వచ్చిన ఆ బృందం ఏకైక ఆల్బమ్‌లో పాటలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఇంగ్లీషు చేతకాక జపనీస్ పట్టుకున్నవారు కారు, ఇంగ్లీషులో చేసి చూసి, అది తమది కాదని నిర్ణయించుకున్నవారు.

ఒసాకా తెలుగు:

ఇద్దరి మాటల్లోనూ హ్యాపీ ఎండ్, ఉచిదా తప్ప మూడవ పేరు కనిపించడం లేదు. జపాన్‌లో ఉంటూ ఈ పాటలు వినే నాకు ఆ రెండు పేర్ల వాదం ఇరుకుగా అనిపిస్తుంది. హయకావా యోషియో నడిపిన జాక్స్ బృందం 1968లోనే జపనీస్‌లో, భయం గొలిపే గొంతుతో, రాక్ పాడింది. జూనో కేయిసత్సు బృందం విప్లవ నినాదాలను జపనీస్‌లో పాడినందువల్లనే 1972లో వారి తొలి ఆల్బమ్ అమ్మకం ఆగిపోయింది. అవే విప్లవ నినాదాలు ఇంగ్లీషులో ఉండి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కారేమో.

ఈ చివరి మాట నాకు చాలా ముఖ్యం. 1988లో ఆర్‌సీ సక్సెషన్ బృందం ‘కవర్స్’ ఆల్బమ్ సిద్ధం చేసింది. ప్రసిద్ధమైన విదేశీ రాక్ పాటల బాణీలకు బృందం గాయకుడు ఇమావానో కియోషిరో జపనీస్ మాటలు కట్టారు, వాటిలో కొన్ని అణు విద్యుత్తును నేరుగా ప్రశ్నించాయి. తోషిబా అణు రియాక్టర్లు తయారుచేసే సంస్థ, ఈ ఆల్బమ్ వేయవలసిన రికార్డు కంపెనీ దాని అనుబంధ సంస్థ తోషిబా ఈఎమ్‌ఐ. మరీ అద్భుతంగా ఉన్నందువల్ల విడుదల చేయలేకపోతున్నామని ఆ కంపెనీ పత్రికలో ప్రకటన ఇచ్చి ఆల్బమ్‌ను ఆపివేసింది, చివరికి అది కిట్టీ అనే మరో రికార్డు సంస్థ ద్వారా బయటికి వచ్చింది. ఆ బాణీలు ఇంగ్లీషు మాటలతో జపాన్‌లో ఏళ్ల తరబడి మోగినప్పుడు ఎవరికీ ఇబ్బంది కలగలేదు. పక్కింటివారికి అర్థమయ్యే భాషలో పాడటంలో ఉన్న ప్రమాదాన్ని ఉచిదా లెక్కలోకి తీసుకోలేదు, హ్యాపీ ఎండ్ కూడా పెద్దగా తీసుకోలేదు.

ఇక జనం ఎంచుకున్న దారి వేరు. యజావా ఎయికిచి ఉన్న కారోల్ బృందం 1972 నుంచి 1975 వరకు జపనీస్ పాదాల మధ్య ఇంగ్లీషు ముక్కలు కలిపి పాడింది. 1978లో వచ్చిన సదరన్ ఆల్ స్టార్స్ గాయకుడు కువాతా కెయిసుకే జపనీస్‌నే ఇంగ్లీషు ఉచ్చారణ వంటి యాసతో, మాత్రలను ఒకదానిలో ఒకటి కరిగిస్తూ పాడి ఇంటింటికీ చేరారు. ఈనాడు రేడియోలో వినిపించే జపనీస్ రాక్ పాటల్లో ఎక్కువ భాగం వీరి వారసత్వమే తప్ప ‘సతోరి’దీ కాదు, ‘కజెమాచి రోమన్’దీ కాదు.

పాతరికార్డులు:

ఒసాకా తెలుగు గారి ఉదాహరణలకు ధన్యవాదాలు. వాటిలో సగం నా వాదానికే బలం ఇస్తున్నాయని మనవి చేస్తాను. జపనీస్‌ను ఇంగ్లీషులా వినిపింపజేస్తే తప్ప లయ కుదరలేదంటే, ఇబ్బంది ఉందన్న ఉచిదా మాట నిలిచినట్టే కదా?

తరువాతి చరిత్ర చూడండి. లౌడ్‌నెస్ బృందం 1985లో ‘థండర్ ఇన్ ద ఈస్ట్’ ఆల్బమ్‌ను ఇంగ్లీషులో పాడి అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలోకి ప్రవేశించింది. ఎక్స్ జపాన్ తమ అతి పెద్ద రచన, 29 నిమిషాల ‘ఆర్ట్ ఆఫ్ లైఫ్’ను 1993లో ఇంగ్లీషులోనే వెలువరించింది. హై-స్టాండర్డ్ బృందం ఇంకా ఆసక్తికరమైన ఉదాహరణ. వారు దాదాపు అన్ని పాటలూ ఇంగ్లీషులో పాడారు, వారి 1999 నాటి ‘మేకింగ్ ద రోడ్’ ఆల్బమ్ పెద్ద కంపెనీ అండ లేకుండా జపాన్ యువతలో కార్చిచ్చులా వ్యాపించింది. వన్ ఓకే రాక్ 2017లోనూ 2019లోనూ విదేశాల కోసం ప్రత్యేకంగా ఇంగ్లీషు ఆల్బమ్‌లు చేసింది. 1971లో ఓడిపోయిందని చెబుతున్న పక్షం ఇంతకాలం ఇంత బలంగా ఎలా బతికింది?

అనిమే ద్వారా వచ్చినవాడు:

నా తరం తెలుగువారిలో చాలామందికి జపనీస్ రాక్ పరిచయమైంది పత్రికల ద్వారా కాదు, అనిమే (జపనీస్ యానిమేషన్) ద్వారా. నరుటో చూస్తూ ఏషియన్ కుంగ్-ఫూ జనరేషన్‌ను, ఫ్లో బృందాన్ని విన్నాము. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ పాటలను మాటకు మాట అప్పగించగలిగే మిత్రులు నాకు హైదరాబాద్‌లోనూ గుంటూరులోనూ ఉన్నారు. జపనీస్ మాటలు అచ్చులతో ముగియడం వల్ల మన నోటికి అవి సులువుగా పట్టుబడతాయని కూడా గమనించాను.

కాబట్టి ప్రపంచానికి చేరాలంటే ఇంగ్లీషు కావాలన్న మాటను ఇప్పటి శ్రోతగా నేను అంగీకరించలేను. బేబీమెటల్ 2016 ఏప్రిల్‌లో లండన్‌లోని వెంబ్లీ అరీనాలో పాడింది, పాటలు ప్రధానంగా జపనీస్‌లోనే. ఇదే బృందం 2025లో మన ఢిల్లీ మెటల్ బృందం బ్లడీవుడ్‌తో కలిసి పాట చేసింది. అక్కడ కూడా ఎవరి భాష వారు వదులుకోలేదు. రాడ్‌వింప్స్ బృందం ‘యువర్ నేమ్’ అనిమే చిత్రం పాటలకు ఇంగ్లీషు పాఠాలను కూడా రికార్డు చేసింది, కానీ నాకు తెలిసినవారందరూ వినేది జపనీస్ పాఠాలనే. చివరికి హ్యాపీ ఎండ్ విషయమే చూడండి. ‘కజెమాచి రోమన్’లోని ‘కజె ఓ అత్సుమెతె’ 2003లో ‘లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్’ సినిమాలో వినిపించిన తరువాత విదేశీ శ్రోతలు ఆ బృందాన్ని వెతుక్కుంటూ వచ్చారు. 1964 ఒలింపిక్స్ కోసం రోడ్లు వెడల్పు చేస్తూ పోయిన నగరంలో కనుమరుగైన పాత వీధుల గురించి, జపనీస్‌లో, మెల్లగా గొణిగినట్టు పాడిన పాట అది. పరదేశీయుల కోసం ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

పాతరికార్డులు:

మీ ఉదాహరణలన్నిటిలోనూ పాటను మోసుకొచ్చిన వాహనం ఒకటి ఉంది: అనిమే, వీడియో, సినిమా. 1971లో ఒక బృందం చేతిలో ఉన్నవి ఎల్‌పీ రికార్డు, విమానం టికెట్టు మాత్రమే. టొరంటోలో వేదికెక్కిన ఫ్లవర్ ట్రావెలిన్ బ్యాండ్ గాయకుడు జో యమనాకాకు వెనుక బొమ్మలు కదలలేదు. ఆనాటి ప్రశ్నకు ఈనాటి సాధనాలతో తీర్పు చెప్పడం సరికాదు. ఇంకొక విషయం. హ్యాపీ ఎండ్ వారే తమ చివరి ఆల్బమ్‌ను 1972లో లాస్ ఏంజెలిస్ వెళ్లి రికార్డు చేశారు, అక్కడ అమెరికన్ సంగీతకారుడు వాన్ డైక్ పార్క్స్‌తో కలిసి పనిచేశారు. గెలిచామని నమ్మిన బృందం విడిపోయే ముందు అమెరికా స్టూడియోను ఎందుకు వెతుక్కుంది?

ఛందోప్రియ:

ధ్వని కోసం వెళ్లారు, భాష కోసం కాదు. బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ వంటి అమెరికన్ బృందాల ధ్వనిని వారు మొదటి నుంచీ బహిరంగంగానే ఆరాధించారు. లాస్ ఏంజెలిస్‌లో కూడా జపనీస్‌లోనే పాడి తిరిగి వచ్చారు. వాద్యం ఎక్కడిదైనా కావచ్చు, మాట మాత్రం తమది కావాలన్నదే వారి పట్టు.

హై-స్టాండర్డ్ గురించి మీరు చెప్పినది బలమైన ఉదాహరణే. అయితే ఆ బృందం అభిమానులలో అత్యధికులు జపాన్ వారే అయినప్పుడు, ఆ ఇంగ్లీషు ప్రపంచాన్ని చేరడానికి పనికివచ్చిందని కాకుండా, జపాన్ యువతకు అది కూడా ఒక ఇంటి గొంతుగా మారిందని చెప్పడం న్యాయం. అది ఉచిదా ఊహించిన విజయం కాదు.

జో యమనాకా పేరు ఎత్తారు కాబట్టి ఒక మాట. ఫ్లవర్ ట్రావెలిన్ బ్యాండ్ గాయకుడిగా ఆయన గొప్పతనం మీద నాకు ఏ సందేహమూ లేదు. ‘సతోరి’లో ఆయన గొంతు మాటలను దాదాపు వదిలేసి కేకగా, ఆలాపనగా మారి ఇషిమా హిదెకి గిటారుతో పోటీపడే చోట్లే ఆ ఆల్బమ్ అత్యున్నతంగా ఉంటుందని కూడా ఒప్పుకుంటాను. అక్కడ ఇంగ్లీషుకు పెద్ద పని లేదని మీరు గమనించాలి. ఇక జపాన్ జనసామాన్యం ఆయనను గుండెకు హత్తుకున్నది 1977లో, ‘నింగెన్ నో షోమెయి’ సినిమా పాటతో. ఆ పాట ఇంగ్లీషులోనే ఉంది. అయితే దానికి ఆధారం కవి సైజో యాసో జపనీస్‌లో రాసిన పద్యం, చిన్ననాడు లోయలోకి ఎగిరిపోయిన గడ్డి టోపీ ఏమైపోయిందమ్మా అని కొడుకు తల్లిని అడిగే పద్యం. ఆ సినిమా ద్వారా ఆ పద్యం కూడా దేశమంతటికీ తెలిసింది. జపాన్ శ్రోతలు ఆ ఇంగ్లీషు పాటను ఏ భాషలో విని కంటతడి పెట్టారో మీరే ఆలోచించండి.