ఈఈజీలో ఫేజ్ రివర్సల్ కనిపిస్తే సరిపోతుందా?

కర్నూలు టెక్నీషియన్:
ఈమధ్య ఆదోని వైపు నుంచి ఒక పాపను తీసుకొచ్చారు. వేరే చోట తీసిన ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాల రికార్డు) సీజెడ్ (నడినెత్తి మీది ఎలక్ట్రోడ్) దగ్గర ఫేజ్ రివర్సల్ (పక్కపక్క గీతలు ఎదురెదురుగా తిరగడం) ఉందని, అవి ఫిట్స్ స్పైక్‌లని (ఫిట్స్‌ను సూచించే మొనదేలిన అలలు) రాశారు. ఆర్నెల్లుగా మాత్రలు మింగుతోంది. మా డాక్టరుగారు ఆ రికార్డు తిప్పి చూస్తే పాప నిద్రలో ఉంది. అవి వర్టెక్స్ వేవ్‌లు, నిద్ర పట్టేటప్పుడు ఎవరికైనా వచ్చేవే. వాళ్లమ్మ ఏడుపు చూడలేకపోయాను. పక్కపక్క ఎలక్ట్రోడ్లను జతలుగా పోల్చే బైపోలార్ ఒక్కటే చూసి రిపోర్టు రాయడం ఆపాలి. అన్నిటినీ ఒకే రిఫరెన్స్‌తో పోల్చే రిఫరెన్షియల్ కూడా చూడాల్సిందే.

అనంతపురం న్యూరాలజీ విద్యార్థిని:
అన్నా, పాప విషయంలో మీ బాధ న్యాయమే. కానీ తప్పు మాంటేజ్‌ది (ఎలక్ట్రోడ్లను జతపరిచి చూసే పద్ధతి) కాదు. అదే వేవ్ రిఫరెన్షియల్‌లో సీజెడ్ దగ్గర అన్నిటికంటే పెద్దగా కనిపించేది, దాన్నీ స్పైక్ అనే రాసేవాళ్లు. ఫేజ్ రివర్సల్ చోటు చెబుతుంది, జబ్బు చెప్పదు. ఈ ముక్క తెలియకపోతే ఏ మాంటేజ్ అయినా ఒకటే.

లెక్క తెలిస్తే బైపోలార్ చాలా నమ్మకమైనది. ఒకటో ఇన్‌పుట్ రెండోదానికంటే నెగెటివ్ అయితే గీత పైకి, పాజిటివ్ అయితే కిందికి. ఎఫ్7, టీ3, టీ5 తల ఎడమ పక్కన ముందు నుంచి వెనక్కి వరసగా ఉండే ఎలక్ట్రోడ్లు. ఎఫ్7 దగ్గర మైనస్ 40 మైక్రోవోల్టులు, టీ3 దగ్గర మైనస్ 100, టీ5 దగ్గర మైనస్ 60 ఉన్నాయనుకోండి. ఎఫ్7 విలువలోంచి టీ3 విలువ తీసేస్తే ఎఫ్7-టీ3 చానల్‌లో ప్లస్ 60, గీత కిందికి. టీ3-టీ5లో మైనస్ 40, గీత పైకి. రెండు గీతలూ ఒకదానికొకటి ఎదురుగా తిరిగాయి, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది టీ3. చోటు దొరికింది.

కడప నుంచి, పాత టెక్నీషియన్:
అమ్మా, లెక్క సరిగ్గా చెప్పావు. మరి స్పైక్ ఓ1 (తల వెనక ఎడమవైపు ఎలక్ట్రోడ్) దగ్గరే ఎక్కువగా ఉంటే? డబుల్ బనానాలో (ముందు నుంచి వెనక్కి గొలుసులుగా సాగే బైపోలార్ మాంటేజ్) ఎడమవైపు గొలుసులు రెండూ అక్కడే ఆగిపోతాయి. గీతలన్నీ కిందికే పోతాయి, రివర్సల్ ఎక్కడా ఉండదు. పిల్లల్లో తల వెనక భాగపు స్పైక్‌లు అరుదేం కాదు. రివర్సల్ కోసమే వెతికే కన్ను వాటిని దాటేస్తుంది.

అనంతపురం న్యూరాలజీ విద్యార్థిని:
ఒప్పుకుంటాను సార్. కానీ దానికి ఓ1, దానికి కుడివైపు జోడైన ఓ2 కలిసే అడ్డ గొలుసు వేసినా చాలు. చెవిని రిఫరెన్స్‌గా పెట్టుకుంటే వేరే చిక్కు. ఎడమ టెంపొరల్ (కణత వైపు) స్పైక్ ఏ1 (ఎడమ చెవి ఎలక్ట్రోడ్) దాకా పాకుతుంది. అప్పుడు టీ3-ఏ1లో గీత చిన్నదైపోతుంది, ఎడమ నుదుటి వైపు ఉండే ఎఫ్3-ఏ1లో కిందికి దిగుతుంది. చూసేవాళ్లు స్పైక్ పాజిటివ్ అనుకుంటారు.

కర్నూలు టెక్నీషియన్:
చెవి సంగతి నిజమేనమ్మా, నేనూ చూశాను. ఆ పాప విషయంలో తప్పు మాంటేజ్‌ది అన్నందుకు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. రెండూ చూడాలన్న మాట మాత్రం వదలను. ఇప్పటి మెషిన్లలో రికార్డు తీశాక కూడా మాంటేజ్ మార్చొచ్చు, నిమిషం పని. ఇంకొకటి: మేం టెక్నీషియన్లం పాప ఎప్పుడు నిద్రపోయింది, ఎప్పుడు లేచింది అన్నది రికార్డు మీదే గుర్తుపెట్టాలి. ఆ రికార్డులో అలాంటి గుర్తు ఒక్కటీ లేదు.