చూపు కోల్పోయిన వెటరన్‌కు ఫెడరల్ ఉద్యోగం: షెడ్యూల్ ఎ దారా, వెటరన్ ప్రిఫరెన్సా?

ప్రశ్న:
అమెరికా సైన్యంలో పనిచేసి చూపు కోల్పోయినవారి గురించి అడుగుతున్నాను. వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) ఇచ్చే వైకల్య రేటింగ్ 30 శాతం గానీ అంతకు పైన గానీ ఉంటే ఫెడరల్ ఉద్యోగానికి షెడ్యూల్ ఎ (వైకల్యం ఉన్నవారిని నేరుగా తీసుకునే దారి) కింద వెళ్లడం మంచిదా, వెటరన్ ప్రిఫరెన్స్ (మాజీ సైనికులకిచ్చే ప్రాధాన్యం) కిందా? ఒకటి వాడితే రెండోది పోతుందా? స్క్రీన్ రీడర్ (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) కావాలని ఎప్పుడు చెప్పాలి? ముందుముందు వైకల్యం ఉన్నవారి ఉద్యోగాల కోసమే పనిచేయాలనుకుంటే ఏ పోస్టులు చూడాలి?

జవాబు 1:
పోదండి. నోటిఫికేషన్ రెండు వర్గాలనూ తీసుకుంటుంటే రెండిటికీ టిక్ పెట్టండి. కాగితాలు మాత్రం వేరు. ప్రిఫరెన్స్‌కు సైన్యం నుంచి విడుదలైనప్పుడిచ్చే డీడీ-214 పత్రం (మెంబర్-4 కాపీ, డిశ్చార్జి ఎలాంటిదో అందులో ఉంటుంది), ప్రిఫరెన్స్ కోరే ఎస్ఎఫ్-15 ఫారం, వీఏ రేటింగ్ లెటర్. షెడ్యూల్ ఎకి వైకల్యం ఉందని ధ్రువీకరించే లెటర్. అది డాక్టరు గానీ, లైసెన్సున్న వొకేషనల్ రీహాబ్ (వైకల్యం ఉన్నవారిని ఉద్యోగానికి సిద్ధం చేసే) నిపుణులు గానీ, వైకల్య భృతి ఇచ్చే ప్రభుత్వ సంస్థ గానీ ఇవ్వొచ్చు. జబ్బు చరిత్రంతా అక్కర్లేదు, ఒక పేరా చాలు. ఉద్యోగం చేయగలరని కూడా రాయించుకు రమ్మనే నిబంధన 2013లో తీసేశారు. పాత నమూనా లెటర్లు చూసి తిప్పలు పడకండి.

షెడ్యూల్ ఎలో పోటీ లేకుండానే తీసుకోవచ్చు. కానీ తీసుకుని తీరాలని లేదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. వెబ్‌సైట్లో అప్లై చేసి ఊరుకోకుండా, ఆ ఏజెన్సీలో వైకల్యం ఉన్నవారి నియామకాలు చూసే సెలెక్టివ్ ప్లేస్‌మెంట్ కోఆర్డినేటర్‌కు రెజ్యూమే, లెటర్, నోటిఫికేషన్ నంబరు కలిపి మెయిల్ చేయాలి. రెండేళ్లు సంతృప్తికరంగా పనిచేశాక కాంపిటిటివ్ సర్వీసులోకి (పోటీ పద్ధతిలో భర్తీ చేసే మామూలు ఫెడరల్ ఉద్యోగాల్లోకి) మార్చొచ్చు, అదీ దానంతటది జరగదు, అడగాలి. 30 శాతం గానీ అంతకు పైన గానీ రేటింగ్ ఉన్న వెటరన్ల నియామకమని మూడో దారి కూడా ఉంది. అందులో ఆ రెండేళ్ల గడువు లేదు.

జవాబు 2:
స్క్రీన్ రీడర్ సంగతి రెండుసార్లు చెప్పాలి. మొదటిది ఆన్‌లైన్ పరీక్ష తెరవకముందు. టైమర్ మొదలయ్యాక అడిగితే లాభం లేదు. రెండోది టెంటటివ్ ఆఫర్ (తుది ఆఫర్‌కు ముందు వచ్చేది) అందిన రోజే. జాస్ అనే స్క్రీన్ రీడర్ కొనడం తేలికే, దాన్ని ఆఫీసు కంప్యూటర్లో పెట్టడానికి సెక్యూరిటీ అనుమతి దగ్గరే ఆలస్యం. సిట్రిక్స్ లాంటి రిమోట్ డెస్క్‌టాప్ వాడే ఆఫీసైతే రిమోట్ యాక్సెస్ ఉన్న లైసెన్సే కావాలని రాతపూర్వకంగా అడగండి. మామూలుదైతే రిమోట్ తెర మీద ఏముందో చదవదు.

ఫెడరల్ ఆఫీసుల డిజిటల్ సమాచారం వైకల్యం ఉన్నవారికీ అందాలనే సెక్షన్ 508 చట్టం ఉన్నా, స్క్రీన్ రీడర్ చదవలేని స్కాన్ పీడీఎఫ్‌లు వస్తూనే ఉంటాయి. చూపులేని ఉద్యోగులకు చదివిపెట్టే సహాయకులను పెట్టుకునే అధికారం ఏజెన్సీలకు చట్టమే ఇచ్చింది, ఈ సంగతి తెలిసినవారు తక్కువ. అడిగినది కాదంటే 45 రోజుల్లోగా ఈఈఓ (ఉద్యోగంలో వివక్ష ఫిర్యాదులు చూసే విభాగం) కౌన్సెలర్‌ను కలవాలి. పై అధికారితో మాట్లాడుతున్నామని ఆగితే ఆ గడువు ఆగదు.

శిక్షణకు, పరికరాలకు చాప్టర్ 31 (వైకల్యమున్న వెటరన్లకు వీఏ ఇచ్చే ఉద్యోగ సహాయ పథకం) కింద 28-1900 ఫారం పెట్టండి. వీఏ ఆసుపత్రిలో చూపులేని వెటరన్ల సేవలు చూసే విస్ట్ కోఆర్డినేటర్‌ను కూడా కలవండి.

జవాబు 3:
చివరి ప్రశ్నకు: మెల్విన్ మాస్ గురించి చదవండి. మెరైన్ మేజర్ జనరల్, మిన్నెసోటా నుంచి కాంగ్రెస్ సభ్యుడిగా కూడా పనిచేశారు. 1951లో చూపు పూర్తిగా పోయింది. 1954 నుంచి 1964లో చనిపోయేదాకా వైకల్యం ఉన్నవారి ఉద్యోగాల మీద అమెరికా అధ్యక్షుడు వేసిన కమిటీకి ఆయనే చైర్మన్. ఆయన ఉండగానే 1962లో కమిటీ పేరులోంచి "శారీరక" అన్న మాట తీసేశారు. నా దృష్టిలో అది చాలా పెద్ద మార్పు.

పోస్టుల విషయానికొస్తే, ఫెడరల్ ఉద్యోగాల కోడ్‌లైన జీఎస్-0201 (హెచ్ఆర్), జీఎస్-0260 (ఈఈఓ) వెతకండి. వీఏ వొకేషనల్ రీహాబ్ కౌన్సెలర్ పోస్టు జీఎస్-0101లో ఉంటుంది. దానికి రీహాబ్ కౌన్సెలింగ్ లాంటి సబ్జెక్టులో మాస్టర్స్ ఉండాలి. ఆ డిగ్రీని చాప్టర్ 31 ప్లాన్‌లో మొదటే రాయించుకోండి, మధ్యలో ప్లాన్ మార్చాలంటే మళ్లీ కౌన్సెలర్ ఒప్పుకోవాలి.