మానని నోటి మూలల చీలికలకు ఏమి చేయాలి?

ఆదిలాబాద్ చలికి పెదవులు పగలడం మా ఇంట్లో కొత్తేమీ కాదు. పడుకునే ముందు కాస్త వెన్న రాసుకుంటే సర్దుకునేది. అయితే ఈసారి మూడో తరగతి చదువుతున్న మా అబ్బాయికి నోటి మూలలు కూడా చీలి, ఆవలించినప్పుడల్లా సన్నగా నెత్తురు కనిపిస్తోంది. కింది పెదవి దిగువన, నాలుక అందినంత మేరా, చర్మం ఎర్రని పట్టీలా కందిపోయింది. వాడు అదేపనిగా పెదవులు తడుపుకుంటాడు. ఉమ్మి ఆరిపోతూ ఉన్న తేమను కూడా లాగేస్తుందని తెలిసినా, పిల్లవాడిని ఎన్నిసార్లని వారించగలం?

మెంథాల్, కర్పూరం ఉన్న లిప్ బామ్ మంట పుట్టించడంతో దానిని మాన్పించి, వాసన లేని పెట్రోలియం జెల్లీ మాత్రమే రాస్తున్నాము. పెదవులు మెత్తబడ్డాయి గానీ మూలలు మానలేదు. రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, లోపించినా, అక్కడ ఫంగస్ చేరినా ఇలాగే చీలుతాయని చదివాను. ఈ రెండింటిలో ఏదో ఇంట్లోనే గుర్తుపట్టే మార్గం ఉందా? మందుల దుకాణంలో బి-కాంప్లెక్స్ సిరప్ ఇస్తామన్నారు గానీ, కారణం తెలియకుండా తాగించడం నాకు ఇష్టం లేదు. పుదీనా ఘాటున్న టూత్‌పేస్ట్ కూడా మార్చాలా? ముందుగా పిల్లల వైద్యునికి చూపించాలా, చర్మవైద్యునికా? ఇటువంటి ఇబ్బంది ఎదుర్కొన్నవారు దయచేసి తెలియజేయగలరు.