పాత ఇంటి గోడ టైల్స్: డి మోర్గాన్‌వేనా? యాసిడ్‌తోని కడగొచ్చా?

పాలమూరోడు:
వనపర్తి దిక్కు కూలిపోతున్న ఇంట్లకెల్లి గోడ టైల్స్ ఊడదీసినం. ఆరంగుళాల చదరం, 40 దాకా ఉన్నయి. కొన్నిటి మీద నీలం, ఆకుపచ్చ పూలు, రెండిటి మీద ఎర్రటి రాగి మెరుపు. ఇంగ్లండుల టైల్స్ మీద బొమ్మలేసిన కళాకారుడు విలియం డి మోర్గాన్ చేసినవని ఒకాయన అంటుండు. బడిల ఒక గది ఇస్తమన్నరు, చిన్న మ్యూజియం లెక్క పెడదామని. పక్క గోడకు ఆయన భార్య ఎవెలిన్ పెయింటింగుల ప్రింట్లు. టైల్స్ వెనక సున్నం పట్టి ఉంది, ముందట ఉప్పు పూస్తున్నది. యాసిడ్ వాడొచ్చా?

గ్లేజు:
యాసిడ్ వద్దు. ముందు వెనక్కి తిప్పి చూడండి. వజ్రం ఆకారపు గుర్తుంటే ఆ డిజైన్ 1842-83 మధ్య ఇంగ్లండులో రిజిస్టరైంది. 'ఆర్‌డి' (Rd, అంటే రిజిస్టర్డ్) అని అంకె ఉంటే 1884 నుంచి. అది డిజైన్ తేదీ, టైలు కాల్చిన తేదీ కాదు. జపాన్ టైల్స్ కూడా మన దేశపు పాత ఇళ్లలో బాగా కనిపిస్తాయి.

డి మోర్గాన్ (1839-1917) విషయంలో ముద్ర ఒక్కటే సరిపోదు. మొదట్లో ఇతర కంపెనీల తెల్ల టైల్స్ కొని వాటిపై రంగులేశాడు. తర్వాత తడిమట్టితో సొంతంగా చేయించాడు. బొమ్మను పల్చటి కాగితంపై వేసి, టైలుకు అంటించి, పైన గ్లేజు (గాజులాంటి పూత) పట్టించి కాల్చేవారు. కాగితం కాలిపోయి రంగు మిగిలేది. భూతద్దంలో కుంచె జాడ కనిపించకపోతే ఆశ వదులుకోండి. రాగి మెరుపు కూడా రుజువు కాదు, 'మా అండ్ కో' (Maw & Co) లాంటి ఇంగ్లండు కంపెనీలూ అది చేశాయి.

డంగుసున్నం:
ఆ మెరుపు గ్లేజు మీద సన్నటి లోహపు పొర. పీచు పెట్టి రుద్దితే పోతది, మళ్ల రాదు. గ్లేజు లేస్తున్నవి, మెరుపున్నవి నీళ్లల నానబెట్టొద్దు. తడి దూదితోని ఒత్తి తీయాలె, అంతే.

మిగిలినవి బ్యాటరీ వాటర్‌ల నానబెట్టు. బోరు నీళ్లు అసలే వద్దు. మన నల్లగొండ, పాలమూరు నీళ్లల ఉన్న ఉప్పే మళ్ల లోపలికి పోతది. రోజూ నీళ్లు మార్చు, మార్చే ముందు టీడీఎస్ మీటర్ (నీళ్లల కరిగిన ఉప్పు ఎంతో చూపేది) పెట్టి చూడు. అంకె పెరుగుడు ఆగినంక నీడల ఆరబెట్టు. ఎండల పెడితే ఉప్పు గ్లేజు కిందనే గడ్డకట్టి పెచ్చులు లేపుతది. యాసిడ్ పోస్తే సున్నం కరుగుతది గానీ క్లోరైడ్ ఉప్పు లోపల్నే ఉండిపోతది, సీసం గ్లేజు మసకబారుతది. సున్నం తడిపి వెదురు పుల్లతోని గీకు. సిమెంట్ ఉంటే ఉలి పెట్టకు, టైలే ముందు పగుల్తది.

పాలమూరోడు:
మంచిదన్నా. ఒకటి రెండు ముక్కలైంది. అతికేతందుకు పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ జిగురు కొనమంటున్నరు?

గ్లేజు:
ఏసీ లేని గదికి వద్దు. అది దాదాపు 40 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మే నెలలో అతుకు జారుతుంది. అదే రకం జిగురు బి-48ఎన్ 50 డిగ్రీల దాకా ఆగుతుంది, ఎసిటోన్‌తో కరిగి ఊడివస్తుంది కూడా. ఇన్‌స్టంట్ గమ్, ఎపాక్సీ వాడితే తర్వాత విప్పడం కష్టం.

గోడకు టైల్ అడెసివ్ పూయకండి. చెక్క పలకపై కింద రెండు, పైన ఒకటి ఇత్తడి కొక్కేలు, వాటికి ప్లాస్టిక్ గొట్టం తొడగండి. టైల్స్ రంగు వెలుగుకు పోదు, ప్రింట్లది పోతుంది. కాబట్టి ఎవెలిన్‌ను పడమటి కిటికీకి ఎదురుగా పెట్టకండి, 50 లక్స్ (వెలుతురు కొలత) చాలు.