నీటి బిల్లును అద్దెలోనే కలపాలా, వాడకాన్ని బట్టి విడిగా వసూలు చేయాలా?

ఆరువాటాలయజమాని

నాకున్న భవనంలో ఆరు వాటాలు, అన్నీ అద్దెకిచ్చినవే. నీటి కనెక్షను ఒక్కటే, మీటరూ ఒక్కటే. ఇన్నాళ్లూ బిల్లు నేనే కట్టి, ఆ ఖర్చును అద్దెలో కలుపుకొని చూసుకుంటున్నాను. బిల్లు పెరుగుతూ పోతోంది. అద్దె మాత్రం ఒప్పందం ముగిసేదాకా కదపడానికి లేదు. ఎంత వాడినా తన జేబుకు తగలనప్పుడు ఎవరైనా కుళాయి ఎందుకు కట్టేస్తారు? అందుకే కొత్త ఒప్పందాల నుంచి నీటి ఖర్చును అద్దెనుంచి విడదీద్దామనుకుంటున్నాను. ఆరుగురికీ సమానంగా పంచాలా, మనిషికింత అని లెక్క కట్టాలా, ఇంటింటికీ చిన్న మీటర్లు పెట్టించాలా? అసలు విడదీయడమే తప్పని ఎవరైనా అంటే ఆ మాటా వింటాను, కారణం చెప్పండి.

రెండోఅంతస్తు

నేను అద్దెకుండే పక్షం, కాబట్టి అటువైపు నుంచి చెబుతాను. సమానంగా పంచితే ఒంటరిగా ఉండే మనిషి ఐదుగురున్న కుటుంబం నీళ్లకు డబ్బు కడతాడు. మనిషికింత అన్నారనుకోండి, తల్లిదండ్రులు వచ్చి నెల ఉంటే లెక్కలోకి వస్తారా? పసిబిడ్డ పుడితే ఆ నెల నుంచే మరో మనిషా? ఇంటి యజమాని మా ఇంట్లో తలలు లెక్కపెట్టే రోజు వస్తే, అక్కడ నీటికంటే పెద్దదేదో పోతుంది.

ఇంకా ముఖ్యమైనది ఒకటుంది. ఫ్లష్ ట్యాంకు కారుతోందని చెప్పి వారాల తరబడి ఎదురుచూసే అద్దెదారులు ఎంతమందో ఉన్నారు. బాగు చేయించే అధికారం యజమానిది, కారిన నీటి ఖర్చు మాది అయితే ఆ ట్యాంకు ఎప్పటికి బాగవుతుంది? బిల్లు యజమాని కడుతున్నంత కాలం కనీసం ఆయనకైనా తొందర ఉంటుంది.

విడిమీటర్లు

నాది నాలుగు వాటాల ఇల్లు. చాలాకాలంగా ఇంటింటికీ మీటర్లున్నాయి. యజమానిగారి ప్రశ్నలోనే రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. బిల్లును పంచడం వేరు, వాడకాన్ని కొలవడం వేరు.

అమెరికాలో అద్దె భవనాల మీద 2004లో ఒక జాతీయ స్థాయి అధ్యయనం వెలువడింది. ఇంటింటికీ మీటరు పెట్టి వసూలు చేసిన చోట నీటి వాడకం సుమారు 15 శాతం తగ్గింది. మీటర్లు లేకుండా మనుషుల సంఖ్యను బట్టో ఇంటి వైశాల్యాన్ని బట్టో బిల్లు పంచిన చోట, చెప్పుకోదగ్గ పొదుపేమీ కనబడలేదు. కారణం సులభంగా అర్థమవుతుంది. ఆరు వాటాల్లో నేనొక్కణ్ణే జాగ్రత్తపడి వంద లీటర్లు ఆదా చేస్తే, అందులో నాకు దక్కేది ఆరో వంతు. మిగతాది పక్కవాళ్లకు పోతుంది. అలాంటప్పుడు ఎవరు శ్రమపడతారు? పంచితే ఖర్చు మీ దగ్గర నుంచి వాళ్ల మీదికి మారుతుంది, అంతే, నీళ్లు మాత్రం అలాగే పోతుంటాయి. పొదుపు కావాలంటే మీటర్లు పెట్టించండి. ఆ ఖర్చు పెట్టలేకపోతే అద్దెలోనే ఉంచేయండి. మధ్యదారి అన్నిటికంటే చెడ్డది.

పైపులపని

ప్లంబరుగా ఇలాంటి భవనాలే నాకు రోజువారీ పని. మీటర్లు పెట్టమని చెప్పడం తేలిక, పైపులు ఒప్పుకోవాలి. పాత భవనాల్లో ఒక్కో ఇంటికి నీళ్లు ఒకే చోట నుంచి రావు. వంటగదులన్నిటికీ పైనుంచి కిందికి ఒక నిలువు పైపు, స్నానాల గదులకు ఇంకొకటి, ఒక్కోసారి మరుగుదొడ్లకు మూడోది. అప్పుడు ఇంటికి ఒక్క మీటరు చాలదు, ప్రతి కొమ్మకూ ఒకటి కావాలి. మీ ఆరు వాటాలకు ఆరు మీటర్లా పద్దెనిమిదా అన్నది గోడలోని పైపులను బట్టి తేలుతుంది. ముందు అది చూపించుకోండి.

దానికంటే ముందు ఇంకో పని ఉంది. అందరూ పడుకున్నాక అసలు మీటరు అంకె రాసుకోండి. రెండు గంటల తర్వాత మళ్లీ చూడండి. ఎవరూ వాడకుండా అంకె కదిలిందంటే నీళ్లు ఎక్కడో పోతున్నాయి. పైన నీళ్లు నిల్వచేసే ట్యాంకు ఉంటే, ఈ పరీక్షకు ముందు అది నిండి ఉండాలి. లేకపోతే ట్యాంకు నిండే నీళ్లు చూసి లీకనుకుంటారు.

దొంగ సాధారణంగా ఫ్లష్ ట్యాంకే. అడుగున ఉండే రబ్బరు మూత అరిగిపోతే నీళ్లు చాలాసార్లు చప్పుడు లేకుండా మరుగుదొడ్డి గిన్నెలోకి జారుతుంటాయి, కంటికి కనబడవు. ట్యాంకులో నాలుగు చుక్కలు ఆహారపు రంగు వేసి, ఫ్లష్ చేయకుండా పావుగంట ఆగండి. గిన్నెలో రంగు కనిపిస్తే మూత మార్చాల్సిందే. బాగా పాడైన ట్యాంకు రోజుకు 700 లీటర్ల పైన వదిలేయగలదు. అది ఐదుగురి కుటుంబం వాడకానికి ఇంచుమించు సమానం. సెకనుకు చుక్క చొప్పున కారే కుళాయి కూడా ఏడాదికి పదివేల లీటర్లు దాటుతుంది. అలాంటి ఇంట్లో మనిషి ఎంత పొదుపుగా స్నానం చేస్తే ఏం లాభం?

ఆరువాటాలయజమాని

చెప్పినట్లే చేశాను. రాత్రి మీటరు తిరుగుతోంది. ఇంటింటికీ వెళ్లి రంగు పరీక్ష చేయిస్తే రెండిళ్లలో ట్యాంకు మూతలు పోయినట్టు తేలింది. వాటిలో ఒక ఇంటివాళ్లకు చప్పుడు వినబడుతూనే ఉందట, చెప్పలేదు. నా వాదన ఇక్కడే బలపడుతోంది. బిల్లు వాళ్లదైతే మొదటి రోజే ఫోను చేసేవారు. మూతలు మార్పించాను, అయినా ఖర్చు విడదీయాలన్న ఆలోచన మారలేదు.

రెండోఅంతస్తు

అయ్యా, వాళ్లు ఎందుకు చెప్పలేదో అడిగారా? ఇంటికి మరమ్మతు అడిగితే అద్దె పెంచుతారేమోనన్న భయం చాలామందిలో ఉంటుంది. ఆ భయం బిల్లు చేతికిస్తే పోదు.

మరో సంగతికి మీరు జవాబు చెప్పాలి. ఇన్నాళ్లూ నీటి ఖర్చు అద్దెలోనే ఉందన్నారు. ఇప్పుడు దాన్ని బయటికి తీస్తే అద్దె అంతమేరకు తగ్గాలి కదా? అద్దె అలాగే ఉంచి నీటి బిల్లు విడిగా అడిగితే అది మరో పేరుతో అద్దె పెంచడమే అవుతుంది.

లెక్కలవాడు

పై ప్రశ్న న్యాయమైనది, దాన్ని దాటవేయకండి. నేను ఇలాంటి భవనాల ఖాతాలు చూస్తుంటాను. ఇంకా ఎవరూ ఎత్తని సంగతి ఒకటి చెబుతాను.

వాడకం పెరిగేకొద్దీ ధర పెరిగే శ్లాబులు చాలా చోట్ల ఉంటాయి. ఒక్కో ఇల్లు తక్కువే వాడినా, ఆరిళ్ల వాడకం ఒకే మీటరు మీద పడితే మొత్తం పై శ్లాబులోకి వెళ్లిపోతుంది. సరఫరా సంస్థ మీ కనెక్షనును ఒక ఇల్లుగా లెక్కిస్తోందా, ఆరిళ్లుగానా? బిల్లు తీసి చూడండి. ఒక ఇల్లని ఉంటే, ఇళ్ల సంఖ్యను బట్టి శ్లాబు వర్తించే నిబంధన ఉందేమో అడిగి దరఖాస్తు చేయండి. మురుగునీటి రుసుమును కూడా చాలా చోట్ల వచ్చిన నీటిని బట్టే వేస్తారు, కాబట్టి కారిన ప్రతి లీటరుకూ రెండుసార్లు కడుతున్నారు. బిల్లులో ఎంత వాడినా మారని స్థిర రుసుము ఎంతో కూడా విడిగా చూడండి. అది ఏ పొదుపుకూ లొంగదు.

మీటర్లు పెట్టినా ఒక చిక్కు మిగులుతుంది. చిన్న మీటర్ల మొత్తం ఎప్పుడూ అసలు మీటరుతో సరిపోదు. మెట్లు కడగడం, మొక్కలు తడపడం, అసలు మీటరుకూ ఇళ్లకూ మధ్య పైపుల్లో లీకు, అన్నీ ఆ తేడాలోకి వస్తాయి. పైగా చుక్కచుక్కగా కారే ధార మరీ సన్నగా ఉంటే మామూలు మీటరు చక్రం తిరగదు. ఆ తేడాను ఆరుగురి మీదా వేయడం అన్యాయమని నా అభిప్రాయం. దాన్ని తగ్గించగలిగేది యజమాని ఒక్కరే, కాబట్టి ఆయనే భరించాలి.

విడిమీటర్లు

లెక్కలవాడుగారితో చాలావరకు ఏకీభవిస్తాను. ఉమ్మడి వాడకానికి మాత్రం ఒక చిన్న మీటరు విడిగా పెట్టి, దాని ఖర్చును అద్దెలో కలపవచ్చు. నేను అసలు బిల్లులో పడిన సగటు ధరకే ఇళ్ల నుంచి తీసుకుంటాను, ఒక్క పైసా కలపను. నీటిని కొన్న ధరకు మించి అద్దెదారులకు అమ్మకూడదన్న నిబంధన కొన్ని చోట్ల ఉంది. మీ చోట ఏముందో ఒప్పందం రాసే ముందే తెలుసుకోండి.

ఆరువాటాలయజమాని

అద్దె తగ్గించే సంగతి. ఇప్పుడున్నవాళ్లకు గత ఏడాది బిల్లును ఆరుతో భాగించి, అంత మేరకు అద్దె తగ్గించిన తర్వాతే మీటర్లు మొదలుపెడతాను. కొత్తగా వచ్చేవాళ్లకు ఆ లెక్క వర్తించదు. వాళ్లు రెండూ చూసుకునే వస్తారు. ఇందులో అన్యాయం ఉందనుకోను.

రెండోఅంతస్తు

ఇప్పుడున్నవాళ్ల విషయంలో ఒప్పుకుంటాను. కొత్తవాళ్ల విషయంలో ఒప్పుకోను, ఇల్లు దొరకనివాడికి రెండూ చూసుకునే వీలెక్కడుంటుంది? అయినా మీరు ముందుకే వెళతానంటే ఒప్పందంలో ఈ మాటలు ఉండాలి: అసలు బిల్లు ప్రతిసారీ మాకు చూపించాలి, మీటరు మేము స్వయంగా చదువుకునే చోట ఉండాలి, లీకు గురించి రాతపూర్వకంగా చెప్పిన రోజు నుంచి ఆ ఇంటికి మామూలు సగటుకు మించి పడిన నీరు మీ ఖాతాలోకి పోవాలి.

ఆరువాటాలయజమాని

మూడూ రాయిస్తాను. చెప్పకుండా దాచిన లీకు మాత్రం వాళ్లదే.

పైపులపని

మీటర్ల దాకా వచ్చారు గనుక రెండు మాటలు. పాత ఫ్లష్ ట్యాంకులు ఒక్కసారికి 13 లీటర్లు వదులుతాయి, కొత్తవి 6 చాలు. మనిషి రోజుకు ఐదుసార్లు వాడితే తేడా 35 లీటర్లు, ఎవరి అలవాటూ మార్చనక్కర్లేదు. మీటర్లకు పెట్టే డబ్బుతో ముందు అవి మారిస్తే ఎంత మిగులుతుందో లెక్క వేసి చూడండి. కుళాయి మూతికి బిగించే జల్లెడలు చేతులు కడిగే చోట పనికొస్తాయి. గిన్నెలు నింపే కుళాయికి పెట్టి లాభం లేదు, నిండడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతే.

మీటరు కోసం పైపు కోసినప్పుడే పక్కన ఆపే వాల్వు కూడా ప్రతి కొమ్మకూ పెట్టించండి. ఒక ఇంట్లో వాషరు మార్చడానికి ఆరిళ్లకూ నీళ్లు ఆపాల్సి వచ్చేచోట మరమ్మతులు వాయిదా పడుతూనే ఉంటాయి.