చిన్న క్లినిక్‌కి పిడికిలి బలం కొలిచే జామర్ కొనాలా, బీపీ కఫ్ చాలా?

తెనాలి_ఫిజియో:
అందరికీ నమస్తే. క్లినిక్ పెట్టి ఎనిమిది నెలలైంది, చేతి కేసులు బాగానే వస్తున్నాయి, గడ్డి కోసే మిషన్‌లో వేళ్ళు పడ్డవాళ్ళు, మణికట్టు విరిగి కట్టు విప్పించుకున్నవాళ్ళు. గ్రిప్ చూడ్డానికి జామర్ కొందామంటే రేటు చూసి నోట మాట రాలేదు. మా సీనియరేమో బీపీ కఫ్ చుట్టి 20 దాకా గాలి కొట్టి పిండమను, సూది ఎక్కడిదాకా పోయిందో రాసుకో చాలు అంటాడు. వేళ్ళు ఎంత వంగుతున్నాయో కూడా చూపుతోనే రాసేస్తాడు. మీరేమంటారు?

వరంగల్_ఓటీ:
నేనైతే ఒప్పుకోను తమ్ముడూ. కఫ్ చూపించేది గాలి ఒత్తిడి, బలం కాదు. చెయ్యి సైజును బట్టి, కఫ్ చుట్టిన తీరును బట్టి రీడింగ్ మారిపోతది. మీటర్ 300 దగ్గర అయిపోతది, పొలం పని చేసే మనిషి పిండితే సూది దాటిపోతది, ఇగ ఏం రాస్తవ్?

పాత_చెయ్యి:
మేడం, 20 ఏళ్ళ నుంచి కఫ్ వాడుతున్నా. కీళ్ళవాతం ఉన్న పెద్దావిడకి ఆ ఇనప హ్యాండిల్ ఇచ్చి పిండమంటే నొప్పికి వదిలేస్తది, బలం తక్కువున్నోళ్ళకి జామర్ సూది అసలు కదలదు. కఫ్ అయితే మెత్తగా ఉంటది, కొంచెం మార్పొచ్చినా కనపడద్ది. ఇంకోటి, జామర్ కొన్నోళ్ళలో సగం మంది దాన్ని నిలబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి పట్టిస్తారు, అప్పుడు దాని ఖరీదు ఎందుకు?

వరంగల్_ఓటీ:
అది మాత్రం నిజమే అన్నా. కూర్చోబెట్టాలె, మోచెయ్యి 90 డిగ్రీలు, భుజం ఒంటికి ఆనించి, హ్యాండిల్ రెండో గాడిలో, మూడుసార్లు పట్టించి సగటు. ప్రతిసారీ గిట్లనే. అప్పుడే పోయిన నెల నంబరుతో పోల్చొచ్చు. కఫ్‌తో చేసినా ఇదే రూలు. కానీ చూపుతో కోణం రాసుడు మాత్రం మానిపించు తమ్ముడూ, కీలు కోణం కొలిచే గోనియోమీటర్‌తో జాగ్రత్తగా కొలిచినా 5 డిగ్రీల తేడా వస్తది, ఇగ కంటితో అంటే చెప్పేదేముంది. మణికట్టు కిందికి వంగి ఉంటే చేతి వెనక టెండాన్లు (కండను ఎముకకు కలిపే తాళ్ళు) లాగి వేళ్ళు ముడుచుకోవు, అది చూడకుండ స్టిఫ్‌నెస్ అని రాస్తరు.

తెనాలి_ఫిజియో:
ఫోన్ యాప్ పనికొస్తదా అక్కా?

వరంగల్_ఓటీ:
మోకాలికి ఓకే. వేలి చివరి కీలు మీద ఫోన్ ఎట్ల కూసుంటది చెప్పు 😀 వేళ్ళ గోనియోమీటర్ చిన్నది దొరుకుతది, వేలి పైవైపు పెట్టి మూడు కీళ్ళ వంపు కలుపు, చాపలేకపోయిన డిగ్రీలు తీసెయ్. మంచి వేలికి 260 దాకా రావాలె.

మిర్చియార్డు_రాము:
నేను డాక్టర్ని కాదండి, పేషెంట్‌ని. మణికట్టు నరం ఆపరేషన్ అయ్యాక జామర్‌లో 9 కిలోల నుంచి 17 కిలోలకొచ్చింది, మా ఫిజియో గారు భలే అన్నారు, కానీ చొక్కా గుండీ ఇప్పటికీ మా ఆవిడే పెడతది. మరి ఆ 17 దేనికండి?

పాత_చెయ్యి:
రాము గారూ, గుండీకి కావాల్సింది పిడికిలి బలం కాదు, బొటనవేలు చూపుడువేలు పట్టు. దానికి పించ్ గేజ్ అని వేరే ఉంటది, తాళం తిప్పే పట్టు, వేలి కొసల పట్టు విడివిడిగా చూస్తారు. కొసల స్పర్శ వచ్చిందో లేదో కూడా అడగండి.

వరంగల్_ఓటీ:
తెనాలి తమ్ముడూ ఇంకో మాట, గడ్డి మిషన్ కేసుల్లో టెండాన్ కుట్టినవాళ్ళుంటే 12 వారాలు కాకుండ, సర్జన్ సరే అనకుండ గట్టిగ పిండమనకు. జామరైనా కఫ్ అయినా. కుట్టు తెగితే మళ్ళా మొదటికొస్తది.

తెనాలి_ఫిజియో:
అమ్మో, పోయిన వారమే ఒకాయనకి ఏడో వారంలో కఫ్ ఇవ్వబోయా, ఆయనే భయపడి వద్దన్నాడు. సరే, ముందు వేళ్ళ గోనియోమీటర్, పించ్ గేజ్ కొంటా, జామర్ దాకా కఫే. ఎవరన్నా సెకండ్ హ్యాండ్ జామర్ అమ్మేవాళ్ళుంటే మెసేజ్ పెట్టండి, సూది సున్నాకి వచ్చేదైతేనే. తూకం రాళ్ళు వేలాడదీసి చెక్ చేసుకునే తీసుకుంటా, ముందే చెప్తున్నా.