అత్తగారు చేత్తో చేసినవన్నీ దాచాల్సిందేనా?

మియాపూర్ కోడలు:
వచ్చే నెల ఇల్లు మారుతున్నాం. ఇప్పుడున్నదానికంటే చిన్న ఫ్లాట్, అటక కూడా లేదు. మా అత్తయ్యగారు ఊరికే కూర్చోలేరు, కుట్లు అల్లికలంటే ప్రాణం. వైర్ బుట్టలు, పూసల తోరణాలు, పాత నేత చీరలతో కుట్టిన బొంతలు, పిల్లలకి ఊలు స్వెట్టర్లు (హైదరాబాదులో స్వెట్టరు వేసుకునేంత చలి ఎన్నాళ్లుంటుందో మీకు తెలుసుగా). ఒక్కటి కూడా తీసేయడానికి వీల్లేదు, అమ్మ చేతి పని డబ్బులిచ్చినా దొరకదు అంటారు మావారు. దులిపేదీ ఎండబెట్టేదీ సర్దేదీ మాత్రం నేను. చేత్తో చేసి ఇచ్చారు కాబట్టి జీవితాంతం దాచాల్సిన బాధ్యత తీసుకున్నవాళ్ల మీద పడుతుందా? మొహమాటం లేకుండా చెప్పండి.

పద్మారావునగర్ పాతకాపు:
పడుతుందమ్మా. కొన్న దుప్పటి చిరిగితే జనరల్ బజార్ వెళ్లి ఇంకోటి తెచ్చుకుంటాం. బొంతలో కలిసిన చీరలు ఎక్కడి నుంచి తెస్తారు? మా ఇంట్లో బొంత ఒక మూల మా అక్క పెళ్లినాడు అమ్మ కట్టుకున్న చీర అంచు ఉంది, ఆ చీరలో అమ్మ ఫోటో ఒక్కటి కూడా లేదు. చోటు లేదనేది సాకు. కొత్త ఫ్రిజ్ కొంటే దానికి చోటు దొరకదా ఏం?

లెక్కల మాస్టారు:
వస్తువు మీద ప్రేమ చేసినవాళ్లకి ఉన్నంత చూసేవాళ్లకి ఉండదు. 2012లో నార్టన్, మోచన్, ఆరియెలీ అనే ముగ్గురు ఒక పరిశోధన అచ్చు వేశారు. కొందరితో కాగితం మడిచి ఓరిగామి బొమ్మలు చేయించి, ఎంత పెట్టి కొంటారని అడిగితే చేసినవాళ్లు సగటున 23 సెంట్లు అన్నారు, చెయ్యనివాళ్లు అవే బొమ్మలకి 5 సెంట్లు అన్నారు. దానికి ఐకియా ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. అదే, 2018లో మన హైటెక్ సిటీలో తెరిచిన ఫర్నిచర్ షాపు పేరే, అక్కడ కొన్న సామాను మనమే బిగించుకోవాలి కదా, అందుకని. అత్తగారి 23 సెంట్లని కోడలు భరించాలనడం న్యాయం కాదు. అందుకే మనవాళ్లు శుభకార్యానికి నూటపదహార్లు చదివించి ఊరుకునేవారు, ఎవరికీ అటక అక్కర్లేదు.

సూదీదారం:
మాస్టారూ, సగమే చెప్పారు. 2015లో ఇంకో పరిశోధన వచ్చింది. చేత్తో చేసింది అని తెలిస్తే అందులో ప్రేమ ఉందని జనం అనుకుంటారట, బాగా దగ్గరివాళ్లకి ఇవ్వాలంటే అలాంటివే ఎంచుకుంటారట. కాబట్టి అది చేసినవాళ్ల పిచ్చి ఒక్కటే కాదు.

అయినా నేను కుట్టేదాన్ని కాబట్టి చెబుతున్నా, నా బొంత ఎవరైనా బీరువాలో పెట్టి తాళం వేస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది కప్పుకోవడానికి కుట్టింది. సరే, దాచే తీరాలంటారా? అయితే ప్లాస్టిక్ కవర్లో పెట్టకూడదు, వానాకాలంలో చెమ్మ పట్టి ముక్కవాసన వస్తుంది, ఉతికిన పాత పంచెలో చుట్టాలి. ఎప్పుడూ ఒకేచోట మడిస్తే ఆ మడత దగ్గరే బట్ట చివికిపోతుంది కాబట్టి మడత మారుస్తుండాలి. ఊలు స్వెట్టరు ఉతక్కుండా లోపల పెడితే చెమటా తిండి మరకా ఉన్నచోటే ముందు పురుగు కొడుతుంది. ఇదంతా మీవారు చేస్తానంటే దాచండి. చెయ్యనంటే అది సెంటిమెంట్ కాదు, మీకు అప్పజెప్పిన డ్యూటీ.

ఉప్పల్ చిన్నోడు:
అన్నిటికీ మగాళ్ల మీద పడతారేంటండీ. నాదో డౌటు. మా వీధిలోకి బొంతలు కుడతామమ్మా అని అరుచుకుంటూ వచ్చేవాళ్లకి మా అమ్మ తన పాత చీరలిచ్చి కుట్టించింది. కుట్టినామె పేరు కూడా మాకు తెలీదు. అయినా ఇంట్లో అందరం దాన్ని అమ్మ బొంత అనే అంటాం, నాకది మస్తు ఇష్టం. మరి చేతి పని గొప్ప అని ఇంత చర్చ ఎందుకు, విలువ చీరదే కదా?

సూదీదారం:
అంటే కుట్టిన ఆమె కష్టానికి బేరమాడి ఇచ్చిన కూలీ, చీర ఇచ్చినామెకి పేరు. బాగుంది.

లెక్కల మాస్టారు:
మియాపూర్ అమ్మాయ్, ఇంతమందిని అడిగావు, అత్తగారిని అడిగావా?

మియాపూర్ కోడలు:
నిన్న రాత్రి అడిగాను. బుట్టలు టైంపాస్‌కి అల్లినవి, పనమ్మాయికి కావాలంటే ఇచ్చెయ్యమన్నారు. స్వెట్టర్లు పిల్లలకి పట్టవు కదా, ఇంకా ఎందుకుంచావని నన్నే తిట్టారు. బొంతలు మాత్రం మా ఆడపడుచుకి పంపమన్నారు, తను ఎప్పటి నుంచో అడుగుతోందట. ఇప్పుడు మావారికి కోపం, ఒక్కటైనా తనకి ఉంచమని అమ్మ అనలేదని. ఇన్నేళ్లలో ఆయన ఆ బొంత కప్పుకోగా నేను చూడలేదు, ఏసీ వేసుకుని కంపెనీ బ్లాంకెట్ కప్పుకుంటారు.

పద్మారావునగర్ పాతకాపు:
అదే నేను చెప్పేది. ఒక్కటి ఉంచుకోండి. ఇంటి వస్తువు ఇంట్లో ఉండాలి, బయటికి పోకూడదు.

సూదీదారం:
కూతురిల్లు ఎప్పటి నుంచి బయటైందండీ? మీ అక్క వచ్చి ఆ అంచున్న బొంత అడిగితే ఇస్తారా, ఇవ్వరా? అది చెప్పండి ముందు.